కంప్యూటర్లోకి ఎక్కిస్తే లేచేది మా నాయనేనా?

పొదలకూరు దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు. పేర్లు తీసేసి, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెబుతాను.

రాసినామెకి 36 ఏళ్లు, నెల్లూరులో టీచరు. తండ్రిని 'నాయన' అని పిలుస్తుంది. ఆయనకి 68. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక మూడెకరాల నిమ్మతోటే లోకంగా బతుకుతున్నారు. రెండేళ్ల కిందట పొదలకూరు మార్కెట్‌లో కాయలు వేసి, ఇంటికి ఏ దారిన రావాలో తెలియక చీకటి పడేదాకా టీ కొట్టు దగ్గర కూర్చుండిపోయారు. డాక్టర్లు అల్జీమర్స్ అన్నారు, తొలి దశ. ఆయన ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు, చదవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన కోరిక ఏమిటంటే, తోట అమ్మి, చనిపోయాక మెదడును గడ్డకట్టించి దాచే ఒక విదేశీ సంస్థకు 70 లక్షలు కట్టాలి. ఎప్పటికో దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించే రోజు వస్తుంది, అప్పుడు తను మళ్లీ లేస్తానని ఆయన నమ్మకం. రోగం ముదిరితే దాచడానికి ఏమీ మిగలదు కాబట్టి అవసరమైతే 'కొంచెం ముందే' వెళ్లిపోవడానికి కూడా సిద్ధమంటున్నారు. దగ్గరి బంధువుగా ఈమె సంతకం కావాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు 'ఆయన డబ్బు, ఆయన ఇష్టం' అంటున్నాడు. అమ్మ మాత్రం 'మీ నాయనకి కొరివి పెట్టకుండా పెట్టెలో పెడతారా' అని అన్నం దగ్గర కూర్చుని లేచిపోతోంది.

చివరి పేజీ ఆమె మాటల్లోనే: 'తోటలో పాదులు చేస్తూ నాయన నాతో అన్నాడు, పాపా, నేను నిన్ను గుర్తుపట్టని రోజు వస్తది, ఆ పెట్టెలో ఉండే నేను మాత్రం గుర్తుపడతా అని. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సంతకం పెట్టకపోతే నాయన్ని నేనే చంపినదాన్నవుతానా? పెడితే, లేచేది నాయనేనా, నాయన గొంతుతో మాట్లాడే ఇంకెవరోనా?'

అమ్మా,

ముందు ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాది నెమ్మదిగా చదువుకోండి. సంతకం పెట్టకపోయినంత మాత్రాన మీరు ఎవరినీ చంపినట్టు కాదు. మీ నాయనను తీసుకుపోతున్నది ఆ రోగం. ఈ సంగతి మీ మనసులో గట్టిగా నిలిస్తే తప్ప మిగతా ఏ విషయమూ మీరు స్థిమితంగా ఆలోచించలేరు.

మీ నాయనది పిచ్చి ఆలోచన అని నేను అనను. ఆయన వైపు గట్టి వాదన ఉంది, అది మీకు తెలియాలి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి కొన్ని ఆపరేషన్లు చేసేటప్పుడు మనిషి ఒంటిని దాదాపు 18 డిగ్రీలకు చల్లబరిచి, రక్తప్రసరణ మొత్తం కాసేపు ఆపేస్తారు. ఆ సమయంలో మెదడులో విద్యుత్ కదలిక ఉండదు, యంత్రం మీద గీత సాఫీగా పోతుంది. మళ్లీ వెచ్చబరిస్తే లేచే మనిషి పాత మనిషే, తన పెళ్లిరోజూ తన బాకీలూ అన్నీ గుర్తుంటాయి. అంటే మనిషి జ్ఞాపకాలు నడిచే కరెంటులో లేవు, నాడీకణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న అమరికలో ఉన్నాయి. ఆ అమరికను ఎక్కడైనా మళ్లీ కట్టగలిగితే నేను అక్కడ ఉంటాను కదా అని మీ నాయన అడుగుతున్నారు. ఫిజిక్స్ చెప్పిన మనిషికి ఆ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. ఆపరేషన్ దాకా నేనూ ఆయనతోనే ఉన్నాను. అయితే అక్కడ చల్లబడింది, వెచ్చబడింది ఒకే మెదడు. ఇంకోచోట ఇంకోటి కట్టడం దానితో సమానం కాదు, నా దారి అక్కడ వేరవుతుంది.

ఎందుకో మీ తోటలోనే చూపిస్తాను. నిమ్మ నారు పోసినప్పుడు ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మీరు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. వాటిలో చాలావరకు పుప్పొడి జన్యువులు కలవకుండా తల్లిచెట్టు కణాల్లోంచే పుట్టినవి. ఆకు, ముల్లు, కాయ, పులుపు, లోపలి జన్యువులతో సహా అచ్చం తల్లే. ఇప్పుడు చెప్పండి, ఆ మూడు మొలకల్లో మీ గట్టు మీద ఉన్న ముసలి చెట్టు ఏది? మూడూ అనలేం, ఒక చెట్టు మూడు చెట్లు కాదు. ఒకటే అనడానికి దానికి మిగతా రెండిటి కంటే ఎక్కువ హక్కేమీ లేదు. పైగా తల్లిచెట్టు ఇంకా అక్కడే ఉంది, దాని మీద గొడ్డలి పెడితే పోయేది అదే. మొలకలు చూసుకుని రైతు సంతోషపడతాడు, రకం నిలిచింది అనుకుంటాడు. చెట్టు నిలిచింది అని మాత్రం అనుకోడు.

కంప్యూటర్లోకి ఎక్కించేది కూడా ఇలాంటిదే. ఒకసారి మెదడు పటం ఎక్కాక దాన్ని ఒక మిషన్లో నడపొచ్చు, పది మిషన్లలో నడపొచ్చు. పదిమందీ 'పాపా' అని మిమ్మల్నే పిలుస్తారు, పదిమందికీ పొదలకూరు టీ కొట్టు గుర్తుంటుంది. వాళ్లలో ఎవరు అబద్ధం చెబుతున్నట్టు? ఎవరూ కాదు. కానీ అందరూ ఆయన కాలేరు.

చిన్నప్పుడు మనం విన్న భేతాళ కథ ఒకటి ఉంది. తెగిపడిన ఇద్దరి తలలను, భర్తదీ ఇంకొకరిదీ, కంగారులో తారుమారుగా అతికిస్తుంది ఒక ఇల్లాలు, ఇప్పుడు భర్త ఎవరు అని భేతాళుడు అడుగుతాడు. తల ఎవరిదైతే అతనే అంటాడు విక్రమార్కుడు. మీ నాయన కూడా అదే జవాబు పట్టుకున్నారు, మెదడు ఎక్కడుంటే నేనక్కడ అని. నాకూ ఆ జవాబు నచ్చుతుంది. కానీ ఆ కథలో ఒక్కో మనిషికి తల ఒక్కటే. అదే తల రెండు ఒళ్ల మీద మొలిచి ఉంటే విక్రమార్కుడు మౌనంగా ఉండిపోయేవాడు.

అందుకే మీ నాయనను మీరు ఒక ప్రశ్న అడగాలి. మెత్తగా, ఓడించడానికి కాకుండా, ఆయన క్లాసులో లెక్క ఇచ్చినట్టు. 'నాయనా, నీ మెదడుకి ఏమీ కాకుండా స్కాన్ చేశారనుకో. కంప్యూటర్లో నువ్వు లేచావు, మాట్లాడుతున్నావు. ఇక్కడ మంచం మీద కూడా నువ్వు బతికే ఉన్నావు. అప్పుడు డాక్టరు వచ్చి, నువ్వు అక్కడ లేచావు కదా, ఇక్కడున్న నీకు ఇంజక్షన్ ఇచ్చేస్తాను అంటే ఒప్పుకుంటావా?'

వద్దు అంటే తను తప్పించుకోవాలనుకున్న చావు ఎక్కడికీ పోలేదని ఆయనే ఒప్పుకున్నట్టు. ముందు ఎక్కించి తర్వాత చనిపోయినా, ముందు చనిపోయి తర్వాత ఎక్కించినా మంచం మీది మనిషికి జరిగేది ఒకటే.

సరే, ఒప్పుకుంటాను అనొచ్చు కూడా. అలా అనే పెద్దవాళ్లు ఉన్నారు. డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లండు తత్వవేత్త 1984లో ఇదే వాదించాడు, అది నేనా కాదా అన్న ప్రశ్న మనం అనుకున్నంత ముఖ్యం కాదు, నా జ్ఞాపకాలూ ఇష్టాలూ తలపెట్టిన పనులూ ఏదో ఒక రూపంలో సాగితే అదే చాలు అని. అలా అనుకున్నాక తనకు చావు భయం తగ్గిందని కూడా రాసుకున్నాడు. మీ నాయన మనసారా అలా అంటే, ఆయన అడుగుతున్నది తను బతకడం కాదు, తనలాంటివాడు ఒకడు మిగలడం అన్నమాట. అప్పుడు నోటుబుక్కులు, పిల్లలు, ఆయన దగ్గర చదువుకున్న శిష్యులు కూడా ఆ లెక్కలోకి కొంత వస్తారు కదా, దాని మీద మాట్లాడుకోవచ్చు. 70 లక్షల యంత్రం ఒక్కటే దారి కాకుండా పోతుంది.

ఆయన ఇంకో మాట అనొచ్చు, మనిషి ఎప్పుడూ మారుతూనే ఉన్నాడు కదా, పదేళ్ల కిందటి నేనూ ఇప్పటి నేనూ ఒకటేనా అని. మా ప్రకాశం జిల్లాలో దొనకొండ దగ్గర చందవరం కొండ మీద పాత బౌద్ధ స్తూపం ఉంది, నేను వెళ్లినప్పుడల్లా నాకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిలిందుడనే రాజుకి చెప్పిన దీపం గుర్తొస్తుంది. రాత్రంతా ఒక దీపం వెలిగింది, తొలిజాము మంటా చివరిజాము మంటా ఒకటేనా? అదే కాదు, వేరే కూడా కాదు. అది నిజమే. మనం ఆరిపోకుండా మారుతున్న దీపాలం. కానీ ఒక దీపంతో ఇంకో దీపం ముట్టించి మొదటిదాన్ని ఊదేస్తే ఆ ఊదడాన్ని మనం ఏమంటాం? కొందరు అదే వెలుగు అంటారు. నేను అనలేను, మొదటి ప్రమిద ముందు కూర్చున్న మనిషి చీకట్లో ఉన్నాడు కాబట్టి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ఆ మాట. నేను గుర్తుపట్టను, పెట్టెలో ఉండే నేను గుర్తుపడతా. మూడు వందల ఏళ్ల కిందట జాన్ లాక్ అనే తత్వవేత్త కూడా మనిషి అంటే జ్ఞాపకమే అన్నాడు, ఎంతవరకు గుర్తుంటే అంతవరకే నువ్వు అని. అది నిజమైతే, మీ పేరు మర్చిపోయిన రోజున మంచం మీద కూర్చున్నది మీ నాయన కాకుండా పోవాలి. అమ్మా, మీరు ఆ మాట ఒప్పుకోగలరా? నేను ఒప్పుకోలేను, ఎందుకంటే నేను చూశాను. మా అత్తయ్యకి చివరి నాలుగేళ్లు మేమెవరమో తెలియదు. నన్ను 'ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావ్' అనేది. అడిగిన వెంటనే 'అన్నం తిన్నావా' అనేది, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు అడిగిన గొంతుతోనే. చీర మడత పెట్టేటప్పుడు అంచును గోటితో నొక్కే అలవాటు పోలేదు. కోపం వస్తే కుడిచెయ్యి నడుం మీద పెట్టుకోవడం పోలేదు. నా పేరు పోయింది గానీ ఆమె పోలేదు. చాలా పోయింది, అది కాదనను, ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ ఆమె ఒంట్లో ఆమే ఉంది, వేరే ఎవరూ వచ్చి కూర్చోలేదు.

మీ నాయన భయం వెనక ఉన్నది ఇదేనని నాకు అనిపిస్తోంది, గుర్తుపట్టకపోతే నేను నీకు నాయనను కాకుండా పోతానేమో అని. కంప్యూటర్ గురించి వాదించేముందు దీనికి జవాబు మీరు ఇవ్వగలరు. నువ్వు నన్ను గుర్తుపట్టకపోయినా నేను నిన్ను గుర్తుపడతాను కదా నాయనా అని. ఆయన దాన్ని మీ నోటితో వినలేదేమో.

ఇప్పుడు ఆచరణ సంగతి. ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు ఒకటి ఉంది, దాని ఒంట్లో 302 నాడీకణాలే. వాటి ముడులన్నీ గీసిన పటం 1986లోనే వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ పురుగును నిజం పురుగులాగా కంప్యూటర్లో బతికించలేకపోయారు, ఏ ముడి ఎంత బలంగా లాగుతుందో, ఏ రసాయనం ఎప్పుడు ఊరుతుందో పటం చెప్పదు కాబట్టి. 2024లో ఈగ జాతికి చెందిన చిన్న పురుగు మెదడు పటం పూర్తయింది, దాదాపు 1,40,000 కణాలు. మనిషికి 8,600 కోట్లు. అమెరికాలో మనిషి మెదడు ముక్క ఒక్క ఘన మిల్లీమీటరు, అంటే సగం బియ్యపుగింజంత, ఐదు వేలకు పైగా పొరలుగా కోసి స్కాన్ చేస్తే సమాచారం 1,400 టెరాబైట్లు వచ్చింది. మన తలలో అలాంటి ముక్కలు పన్నెండు లక్షలకు పైనే. కోయకుండా ఇంత వివరంగా చూసే పద్ధతి ఇప్పటికి లేదు.

గడ్డకట్టించి దాచడం 1967లో మొదలైంది. ఇప్పటిదాకా ఒక్కరూ లేవలేదు. కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ అనే చోట నిర్వహణ డబ్బు అయిపోయి తొమ్మిది దేహాలు కరిగి కుళ్లిపోయాయి, ఇది 1970లలో. గుండె ఆగిన నిమిషాల్లోనే మెదడు పాడవడం మొదలవుతుంది. పొదలకూరు నుంచి నెల్లూరు, అక్కడి నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టు, మధ్యలో మరణ ధ్రువపత్రం, ఇతర కాగితాలు, విమానం. ఆ కొన్ని గంటల్లో ఏం మిగులుతుందో మీ నాయనే లెక్క కట్టగలరు, కట్టమనండి.

'కొంచెం ముందే' అన్న మాట దగ్గర మాత్రం నేను లెక్కలు మాట్లాడను. ఆ మాట ఇంకోసారి వస్తే ఆయనను చూసే డాక్టరుకి అదే రోజు చెప్పండి. ఈ రోగం బయటపడిన కొత్తలో మనిషి లోలోపల కుంగిపోవడం మామూలు, దానికి వైద్యం ఉంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి, మన దేశంలో బతికున్న మనిషి ప్రాణం తీయడానికి ఆయన ఒప్పుకున్నా సరే ఎవరూ సాయం చేయకూడదు, చేస్తే నేరం. తమ్ముడికి ఇది ఫోన్లో కాదు, వీడియో కాల్‌లో ముఖం చూస్తూ చెప్పండి.

మీ ముందున్న దారులు చెబుతాను. సంతకం పెట్టడం ఒకటి. నాయన తృప్తి పడతారు, అది చిన్న విషయం కాదు. కానీ తోట పోతుంది, రాబోయే ఎనిమిది పదేళ్లు ఆయనను చూసుకోవడానికి మనిషి కావాలి, మందులు కావాలి, ఆ ఖర్చు తోట మీదే రావాల్సి ఉంటుంది. పైగా ఆయనకి మతిమరుపు రోగం ఉందని కాగితాల మీద ఉన్నాక చేసిన అమ్మకాన్ని రేపు ఎవరైనా కోర్టుకు లాగొచ్చు. ఆ భూమి పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది కూడా చూడాలి, పిత్రార్జితమైతే మీకూ తమ్ముడికీ వాటా ఉంది, ఆయన ఒక్కరి ఇష్టం మీద జరగదు.

ససేమిరా అనడం రెండోది. తోట మిగులుతుంది, అమ్మ అన్నం తింటుంది. నాయన మాత్రం తన చివరి కోరికను కూతురే తోసేసిందనుకుంటూ మరుపులోకి జారిపోవచ్చు. ఈ రోగంలో సంగతులు మర్చిపోయినా మనసుకు తగిలిన బాధ ఆ సంగతి కన్నా ఎక్కువసేపు ఉండొచ్చు, అందుకే ఉత్త 'వద్దు' దగ్గర ఆగిపోవద్దని నా మనవి.

మూడోది నాకు దగ్గరగా అనిపించేది, అయినా నిర్ణయం మీదే. మెదడును దాచమన్నారు కదా, సైన్సుకు ఇవ్వండి. బెంగళూరులోని మెదడు, మనసు జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు దానం తీసుకునే కేంద్రం ఉంది, అల్జీమర్స్ మీద పరిశోధనకు అలాంటి మెదళ్లే కావాలి. ముందుగా మాట్లాడి పేరు రాయించుకోవాలి, ఇంత దూరం నుంచి ఎలా వీలవుతుందో కూడా వాళ్లనే అడగాలి. మెదడు తీసుకున్నాక దేహాన్ని ఇంటికి ఇచ్చేస్తారు, కొరివి పెట్టుకోవచ్చు. ఆయన మళ్లీ లేవరు, ఆ మాట దాచకుండా చెప్పండి. కానీ ఫిజిక్స్ మాస్టారికి తన మెదడు ఒక ప్రయోగశాలలో పనికొస్తుందన్న మాట ఎలా వినిపిస్తుందో నాకు కొంత ఊహ ఉంది. దాంతోపాటు చివరి దశలో ఏ వైద్యం వద్దో ఆయనే ఇప్పుడే రాసి పెట్టొచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కు ఇది, 2023లో సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మతి స్థిమితంగా ఉన్నప్పుడే చెల్లుతుంది, వీలునామా కూడా అంతే. ఆ రోజుటి తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. ఈ పనులకు ఏడాది ఆగకండి.

తమ్ముడు మధ్యలో 'నాయన వాయిస్ మెసేజ్‌లు పెట్టి ఒక చాట్‌బాట్ చేయిస్తా, చవక' అన్నాడని రాశారు. అది మెదడు నకలు కూడా కాదు, ఆయన మాట్లాడే తీరుకి నకలు. రికార్డింగులు మాత్రం తప్పకుండా చేయండి, బొమ్మలా మాట్లాడించడానికి కాదు, రేపు మీ పిల్లలు ఆయన గొంతు వినడానికి. అమ్మ వినగలిగే స్థితిలో ఉందో లేదో చూసుకుని ఆమెకి వినిపించండి.

అమ్మ గురించి ఒక్క మాట. ఆమె పెట్టె గురించి గొడవ పడుతోంది గానీ ఆమె భయం కూడా నాయన భయమే, విడిపోతామని. వాళ్లిద్దరినీ ఈ విషయం మీద ఒకచోట కూర్చోబెట్టి ఎవరైనా మాట్లాడించారా? మీ ఆరు పేజీల్లో ఆ మాట ఎక్కడా కనిపించలేదు.

ఇంజక్షన్ ప్రశ్న సాయంత్రం అడగొద్దు, ఈ రోగంలో పొద్దు వాలేకొద్దీ అయోమయం ఎక్కువవుతుంది. పొద్దున్నే, టిఫిన్ అయ్యాక, తోటలో అడగండి. జవాబు ఏదైనా మీరు రాసుకోవద్దు, ఆయన నోటుబుక్కులోనే, ఆయన చేత్తోనే రాయించండి, కింద తేదీ వేయించండి. మూడు నెలలాగి అదే ప్రశ్న మళ్లీ అడగండి. రెండు జవాబులూ ఒకటే అయితే నాకు మళ్లీ రాయండి, వేరైతే కూడా రాయండి.